సినిమా నీ పేరున ఉండాలి

మురళీనగర్, విశాఖపట్నం

బుజ్జమ్మా,

నువ్వు ఉద్యోగం మానేసి సినిమా తీయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. "నువ్వైనా చెప్పు అన్నయ్యా, నీ మాట వింటుంది" అంది. మానుకోమని మాత్రం నేను చెప్పను. మన హార్బరు మనుషుల కథని మన యాసలోనే, మన ఊళ్ళోనే తీస్తానంటున్న పిల్లని ఆపడానికి నాకు మనసు రాదు. వినగానే ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. ఆ రాత్రి నిద్ర పట్టని మాటా నిజం. ఎందుకు పట్టలేదో ఈ ఉత్తరంలో రాస్తున్నాను, ఓపికగా చదువు.

జాతీయ అవార్డు తెస్తానని అమ్మతో అన్నావట. మంచిదే, ఆశపడు. ఉత్తమ చిత్రానికిచ్చే స్వర్ణ కమలం దర్శకుడితో పాటు నిర్మాతకీ ఇస్తారు. ఉత్తమ తెలుగు చిత్రానికిచ్చే రజత కమలమూ అంతే. ఆస్కార్‌లో అయితే ఉత్తమ చిత్రం బహుమతి అందుకునేది నిర్మాతలే. తక్కినవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసి ఇంకో సినిమాకి వెళ్ళిపోతారు, మొదటి కాగితం నుంచి చివరి ఆట దాకా దాన్ని మోసేది నిర్మాత. 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా సినిమాకి కర్తగా నిర్మాతనే గుర్తిస్తుంది. విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఆ హక్కు నడుస్తుంది. అంటే నీ మనవల కాలం దాకా. ఆ హక్కు నీ చేతిలోంచి జారిపోకుండా కాచుకోవడమే నిర్మాత పని అని నా నమ్మకం. నేను భయపడేదీ దాని గురించే.

ఏడిద నాగేశ్వరరావు గారిని చూడు. 1980లో 'శంకరాభరణం' తీసినప్పుడు ప్రధాన పాత్రలో పేరున్న హీరో లేడు. ఆ పాత్రకి మన ఉత్తరాంధ్ర నాటకరంగం నుంచి వచ్చిన జె.వి.సోమయాజులు గారు, అప్పటికి డిప్యూటీ కలెక్టరు. కొనేవాళ్ళు వెనకాడారు. ఆయన మాత్రం సినిమాని మార్చలేదు. ఆ సినిమాకే జనాదరణ పొందిన ఉత్తమ వినోద చిత్రంగా స్వర్ణ కమలం వచ్చింది. మన భీమిలి రోడ్డులో కొండ మీద స్టూడియో కట్టిన రామానాయుడు గారి దారి వేరు. ఆయన భాష తరవాత భాషలో తీసుకుంటూ వెళ్ళారు, బెంగాలీలో తీసినదానికి జాతీయ అవార్డు అందుకున్నారు, 2009 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం పొందారు. నీకు మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'. కొత్త దర్శకుడు, కంచరపాలెం వీధులు, అక్కడి మనుషులే నటులు. నిర్మాత ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో గుండె డాక్టరు. కాబట్టి ఆడపిల్లవి, బయటి నుంచి వచ్చావు, నీవల్లేమవుతుంది అని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

చిన్న పనులు గబగబా చెప్పేస్తాను. ఈ ఒక్క సినిమాకని విడిగా కంపెనీ గానీ ఎల్‌.ఎల్‌.పి. గానీ పెట్టు. నీ సొంత ఖాతాలోంచి టిఫిన్ల బిల్లు కూడా కట్టకు, ముందు కంపెనీలో వేసి అక్కణ్ణించి తియ్యి. బ్యానరూ టైటిలూ ఫిలిం ఛాంబర్‌లో రిజిస్టర్ చేయించు, గడువు దాటకముందే రెన్యువల్ చేయించు. ఆర్టిస్టులకీ టెక్నీషియన్లకీ రెమ్యునరేషన్ ఇచ్చేటప్పుడే 10 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టెయ్యి, తరవాత అడిగితే ఎవరూ వెనక్కివ్వరు. కొబ్బరికాయ కొట్టకముందే ఇన్సూరెన్స్. ఏ రోజు ఫుటేజీ ఆ రోజే మూడు కాపీలు, మూడోది లొకేషన్‌లో ఉండకూడదు, మూడూ తెరిచి చూశాకే కెమెరా కార్డు చెరపనివ్వు. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ చట్టప్రకారం ఉండాలి. యూనిట్‌కి రోజూ ఇచ్చే కాల్‌షీట్ మీద ఆ కమిటీ ఆవిడ ఫోన్ నంబర్ వేయించు.

కథ సంగతి. విజయనగరంలో ఉంటున్న ఆ రచయిత గారు "తీసుకోమ్మా, డబ్బేం వద్దు" అన్నారని అమ్మ మురిసిపోతూ చెప్పింది. ఆయన మంచితనానికి దణ్ణం. కానీ నోటిమాట మీద ఒక్క అడుగూ వెయ్యకు. హక్కులు రాసిచ్చే కాగితం లిఖితపూర్వకంగా ఉండాలి, ఆయన సంతకం ఉండాలి, లేకపోతే చట్టం ముందు అది చెల్లదు. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని అర్థం. ఏ ప్రాంతాలకో రాయకపోతే మన దేశానికే. ఏడాదిలోగా ఆ హక్కుని వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. చాలామంది ఈ మూడోదాని దగ్గరే మునుగుతారు. కొత్త నిర్మాతకి డబ్బు సమకూరేసరికే ఏడాదిన్నర గడిచిపోతుంది, ఈలోగా చేతిలో ఉన్న కాగితం ఉత్తకాగితం అయిపోయి ఉంటుంది. అందుకని కాలం, ప్రాంతం, ఏడాది నిబంధన వర్తించదన్న మాట, మూడూ స్పష్టంగా రాయించు. సినిమాతో పాటు డబ్బింగ్, రీమేక్, ఓటీటీ, వెబ్ సిరీస్, రెండో భాగం, ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించు. ఆయన వద్దన్నా సరే, డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వు. పెద్దవారు, రేపు ఆయనకేమన్నా అయితే ఆయన పిల్లలు వచ్చి అడిగే హక్కు వాళ్ళకుంటుంది. అప్పుడు నీ దగ్గర రసీదు ఉండాలి. దర్శకుడు నీ స్నేహితుడే కదా అని అతని స్క్రిప్టుని కాగితం లేకుండా వదిలెయ్యకు. పాటలు రాసినవాళ్ళకీ సంగీతం చేసినవాళ్ళకీ థియేటర్ బయటి వాడకం మీద రాయల్టీ వాటా ఉంటుంది. 2012 సవరణ తరవాత దాన్ని వదులుకుంటున్నామని వాళ్ళతో రాయించుకున్నా చెల్లదు, అలాంటి వాక్యం నీ అగ్రిమెంట్లో పెట్టకు.

పేర్ల విషయం కూడా ముందే తేల్చుకో. 10 లక్షలు పెట్టే స్నేహితుడు తెర మీద తన పేరు 'నిర్మాత' అనే పడాలంటాడు. సమర్పణ ఎవరు, సహ నిర్మాత ఎవరు, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ ఎవరు, ఎవరి పేరు తరవాత ఎవరి పేరు, డబ్బు పుచ్చుకునే రోజునే రాసుకోండి. చిన్నప్పుడు జగదాంబలో సినిమా అయిపోయి జనం లేచి వెళ్ళిపోతున్నా నువ్వు కుర్చీలోంచి కదిలేదానివి కాదు, తెర మీద పేర్లన్నీ పైకి చదివేదానివి. మీ నాన్న గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతూ ఎదురుచూసేవాడు. ఆ తెర మీద నీ పేరు పడే రోజు మేమందరం చూడాలి. అందుకే తల్లీ ఇంత చాదస్తం.

నీ బడ్జెట్ కోటీ 20 లక్షలు, షూటింగ్ 28 రోజులు అని విన్నాను. ఆ డబ్బుకి ఆ రోజులు ఎక్కువ. స్క్రిప్టు 110 పేజీలుంటే రోజుకి ఐదు పేజీల చొప్పున 22 రోజుల్లో అవుతుంది, కానీ సముద్రం మీద పడవలో తీసేవి రోజుకి రెండు పేజీలకి మించి రావు. కాబట్టి పడవ సీన్లు ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టు. అవి ఎనిమిది పేజీలు దాటితే దర్శకుడితో కూచుని కొన్నిటిని ఒడ్డుకి తెప్పించు. ఒక రోజు పెరిగితే కెమెరా అద్దె ఒక్కటే పెరుగుతుందనుకోకు. లైట్లు, జనరేటర్, దాని డీజిలు, బళ్ళు, లాడ్జి గదులు, యూనిట్ మొత్తానికి బేటా (రోజు భత్యం), భోజనాలు, అన్నీ కలిసి పెరుగుతాయి. నా లెక్క ఇది: షూటింగ్‌కి, దాని ముందు పనులకి 55 లక్షలు, పోస్ట్ ప్రొడక్షన్‌కి 25, విడుదలకీ పబ్లిసిటీకీ 28, ఎదురుచూడని ఖర్చుకి 12. ఈ నాలుగో అంకె ఉత్తినే వేసింది కాదు. ఏదో ఒకటి జరిగి తీరుతుంది, వాన పడుతుంది, నటుడికి జ్వరం వస్తుంది, పడవ ఇంజను ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ పేజీ రెండుసార్లు చదువు. ఇది ఈ పరిశ్రమంత పాత తప్పు. తెలివైనవాళ్ళూ చేశారు, నిజాయితీపరులూ చేశారు.

ఉన్న డబ్బంతా షూటింగ్‌లోనే పెట్టేస్తారు. తెర మీద కనిపించేది అదే కదా అనిపిస్తుంది. ఇంకో క్రేన్, ఇంకో రెండు రోజులు, ఇంకాస్త మంచి లెన్సులు. షూటింగ్ ముగించి గుమ్మడికాయ కొట్టే రోజుకి ఖాతా ఖాళీ. ఎడిటింగ్, డబ్బింగ్, రీరికార్డింగ్, మిక్సింగ్, రంగులు సరిదిద్దే డి.ఐ., సెన్సార్, పబ్లిసిటీ, అన్నీ ముందే ఉన్నాయి. ఎవరో ఒకరు ఫైనాన్షియర్ని తీసుకొస్తారు. 40 లక్షలు, నూటికి మూడు రూపాయలు అనుకో. అంటే నెలకి లక్షా 20 వేలు. ఆరు నెలల వడ్డీ 7 లక్షల 20 వేలు ముందే పట్టుకుంటారు. చేతికొచ్చేది 32 లక్షల 80 వేలు, వడ్డీ మాత్రం 40 లక్షల మీద. లెక్కేస్తే నూటికి దాదాపు మూడు రూపాయల 66 పైసలు పడుతుంది. ఆరు నెలల్లో విడుదల చేసేస్తాం అనుకుంటారు. కాదు. మిక్సింగ్ స్టూడియో తారీఖులు దొరకవు, సంగీత దర్శకుడు పెద్ద సినిమాలో ఇరుక్కుపోతాడు, సంక్రాంతికీ దసరాకీ చిన్న సినిమాకి థియేటర్లు ఉండవు, మార్చిలో పిల్లల పరీక్షలు. 14 నెలలు సాగిందంటే వడ్డీయే 16 లక్షల 80 వేలు. మధ్యలో కట్టకపోతే దాని మీద మళ్ళీ వడ్డీ.

వడ్డీ కన్నా నాకు సంతకాలంటే ఎక్కువ భయం. డబ్బిచ్చే రోజు టేబుల్ మీద ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు పేపర్లు, ఒక లెటర్ పెడతారు. ఆ లెటర్‌ని ఇప్పటికీ ల్యాబ్ లెటర్ అనేవాళ్ళున్నారు. రీళ్ళ కాలంలో నెగిటివ్ ల్యాబ్‌లో ఉండేది, ఫైనాన్షియర్ ఒప్పుకుంటే తప్ప ప్రింట్లు వెయ్యొద్దని నిర్మాతే ల్యాబ్‌కి రాసిచ్చేవాడు. ఇవాళ నెగిటివ్ లేదు, అయినా ఆ కాగితం పోలేదు. ఇప్పుడది పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోకీ, థియేటర్లకి సినిమా అందించే డిజిటల్ కంపెనీకీ వెళ్తుంది. ఫైనాన్షియర్ క్లియరెన్స్ రానిదే కె.డి.ఎం., అంటే సినిమాని తెరిచే డిజిటల్ తాళంచెవి, ఇవ్వరు. ఆ తాళంచెవి రాకపోతే సినిమా థియేటర్ సర్వర్లో ఎక్కించి ఉన్నా బొమ్మ పడదు. శుక్రవారం పొద్దుటి ఆట రద్దయిందని, సాయంత్రానికి పడొచ్చని వార్త వస్తుంది చూడు, చాలాసార్లు దాని వెనక ఉన్నది ఇదే. గురువారం రాత్రి నిర్మాత ఫైనాన్షియర్ ఎదురుగా కూచుని ఉంటాడు. పోస్టర్లు ఊరంతా అంటించేశారు, టికెట్లు అమ్ముడుపోయాయి. ఆ సమయంలో ఫైనాన్షియర్ ఏ కాగితం ముందు పెట్టినా నిర్మాత సంతకం చేస్తాడు. డిజిటల్ హక్కులు పోతాయి, హిందీ డబ్బింగ్ పోతుంది, రీమేక్ పోతుంది. చిన్న సినిమాకి థియేటర్లో రాని డబ్బు ఒక్కోసారి హిందీ డబ్బింగ్‌లో వస్తుంది, అదే ముందు పోతుంది. కొన్ని సందర్భాల్లో కాపీరైటే బదలాయించేస్తారు, సెన్సార్ దరఖాస్తు ఇంకొకరి పేరున వెళ్తుంది. సర్టిఫికెట్ మీద, టైటిల్స్‌లో నిర్మాతగా ఎవరి పేరుంటే అవార్డు దగ్గరా ఆ పేరే పిలుస్తారు. నువ్వు రాత్రీ పగలూ చేసిన సినిమాకి వేదిక మీద ఇంకొకరు నిలబడతారు. నువ్వు కింద కూచుని చప్పట్లు కొట్టాలి. అది నేను చూడలేను తల్లీ.

అందుకని కొబ్బరికాయ కొట్టకముందే ఆ 25, 28 లక్షల్ని వేరే ఖాతాలో వెయ్యి. ఇద్దరి సంతకాలుంటే తప్ప తీయడానికి వీల్లేకుండా పెట్టు, రెండో సంతకం దర్శకుడిది కాకూడదు. ఎడిటింగ్ మొదలయ్యాక తప్ప ఆ ఖాతా తెరవకు. ఆ డబ్బు చేరేదాకా షూటింగ్ మొదలుపెట్టకు, ఆర్నెల్లు ఆలస్యమైతే అవనీ. అయినా అప్పు తప్పకపోతే, ఒక్క హక్కు మీదే తీసుకో. డిజిటల్ హక్కు మీద వచ్చే డబ్బులోంచి ఇంత, ఫలానా తారీఖు లోగా, అని. కాపీరైట్ బదలాయిస్తున్నాననే మాట ఏ రూపంలోనూ ఉండకూడదు. వడ్డీ గరిష్ఠంగా ఎంతో అంకె రాయించు. బాకీ తీరిన ఎన్ని రోజుల్లో క్లియరెన్స్ లెటరూ చెక్కులూ తిరిగివ్వాలో రాయించు. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకు. చెక్కు చెల్లకపోతే అది క్రిమినల్ కేసు, అప్పు గొడవ అక్కడితో ఆగదు.

ఇంకొకటి. సీతమ్మధార ఇంటి కాగితాలు బ్యాంకులో పెడదామని మీ అమ్మ అంటోంది. ఏడుస్తూనే ఆ మాటా అంది, అమ్మ కదా. మీ నాన్న పోయాక ఆ ఇంటి గోడలు పట్టుకునే అది నిలబడింది. ఆ ఇంటి జోలికి వెళ్ళావంటే నేను నీ ముహూర్తానికి రాను. తక్కువ డబ్బుంటే చిన్న సినిమా తియ్యి. ఎక్కువ కావాలంటే ఆగు. ఇల్లు మాత్రం వద్దు.

మన ఊళ్ళో షూటింగ్ గురించి నీకు తెలుసనే అనుకుంటావు. ఊరు తెలియడం వేరు, యూనిట్‌తో దిగడం వేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మరబోట్లన్నీ హార్బరులో వరసగా కట్టేసి ఉంటాయి. నీ కథలో బోట్లు వేటకెళ్ళే సీన్లున్నాయి, కాబట్టి ఆ రెండు నెలలూ నీకు పనికిరావు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ నువ్వు మర్చిపోయి ఉండవు. సంక్రాంతికి యూనిట్ వాళ్ళంతా ఊళ్ళకి పోతారు. పండగ వెళ్ళాక జనవరి 20 నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపల పెట్టుకో. మన సముద్రం తూర్పున ఉంది. దర్శకుడు నీళ్ళలో సూర్యుడు దిగిపోయే షాట్ రాసుంటే ఇప్పుడే కొట్టేయించు, మన దగ్గర సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు, వెలుతురు ముందే పడిపోతుంది. బీచ్‌లో నీకు బంగారం లాంటి వెలుతురు పొద్దున్నే. ఫిబ్రవరిలో ఆరుంపావుకీ ఆరున్నరకీ మధ్య సూర్యుడొస్తాడు, కెమెరా అంతకి ముందే నిలబెట్టి ఉండాలి. లాడ్జి ఏసీ గదిలోంచి లెన్సు తెచ్చి నేరుగా సముద్రపు గాలిలో తెరిస్తే ఆవిరి పట్టేస్తుంది. పెట్టెలోనే ఉంచి అరగంట పైన బయట పెట్టాక తెరవాలి. ప్యాకప్ అయ్యాక ఉప్పు తుడవకుండా ఏ సామానూ వ్యాన్ ఎక్కనివ్వకు.

హార్బరులో చేపల వేలంపాట తెల్లవారుజామున జరుగుతుంది. దాన్ని ఎవరూ ఆపరు, ఆపమని అడగడం కూడా తప్పు, అది వాళ్ళ కూడు. అసలు వేలంపాటని దూరం నుంచి రెండు కెమెరాలతో పట్టుకోండి. మాటలున్న భాగాన్ని రద్దీ తగ్గాక, చేపలు కొని ఐసులో పెట్టుకుని, మళ్ళీ ఏర్పాటు చేసుకుని తియ్యండి. పోర్టు, మత్స్యశాఖ, పోలీసులు, ముగ్గురి కాగితాలూ చేతిలో ఉండాలి. బీచ్, కైలాసగిరి లాంటి చోట్లకి జీవీఎంసీ (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) కాగితాలు. 2023 నవంబరులో హార్బరులో మంటలు రేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఆ మనుషుల ముందు జనరేటరూ డీజిలు క్యాన్లూ బోట్ల దగ్గర పెట్టకు. దూరంగా పెట్టి కేబుల్ లాగించు, సౌండ్ రికార్డిస్టుకీ అదే కావాలి. అలల చప్పుడు షాటు షాటుకీ మారుతుంది, ప్రతి లొకేషన్‌లో అందరినీ నోరు మూయించి ఒక నిమిషం ఉత్త శబ్దం రికార్డు చేయించు, ఎడిటింగ్‌లో అతుకులు దానితోనే కప్పుతారు. డ్రోన్ ఎగరేసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడు. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, విమానాశ్రయం కూడా నేవీ వాళ్ళదే. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా పైకి లేపితే కెమెరాతో పాటు కుర్రాళ్ళూ పోలీస్ స్టేషన్లో కూచుంటారు. పడవ మీదికి ఎక్కేవాళ్ళందరికీ లైఫ్ జాకెట్, పక్కనే ఇంకో ఖాళీ బోటు, అందులో ఈత వచ్చిన స్థానికులు ఇద్దరు. కెమెరామన్ జాకెట్ అడ్డమొస్తోందంటాడు. వినకు. ఆడవాళ్ళకి బాత్రూము ఉన్న వ్యాను మొదటి రోజు నుంచే ఉండాలి, హార్బరులో వేరే దిక్కు లేదు. డబ్బు తగ్గించాల్సి వస్తే క్రేన్ తగ్గించు, అది తగ్గించకు.

నీ కథలో పదేళ్ళ పిల్లాడున్నాడుట. వాడిని పనిలో పెట్టాలంటే జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి ఐదు గంటలే, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించి చేయించకూడదు. వాడికొచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాడి పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. చట్టం అడిగిన దానికన్నా ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువ వెయ్యి. వాడి స్కూలు హెడ్‌మాస్టరుతో నువ్వే స్వయంగా వెళ్ళి మాట్లాడు. హార్బరు పెద్దవాళ్ళని నటింపజేసినా ఒక్కొక్కరితో తెలుగులో రాసిన ఒక పేజీ ఒప్పందం, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో, డబ్బు ఖాతాలోకి.

సెన్సార్ గురించి స్క్రిప్టు దశలోనే ఆలోచించాల్సింది ఒకటుంది. మన జాలరిపేట ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. దర్శకుడు దాన్ని చూసి ముచ్చటపడి ప్రతి సీనులో పెడతాడు. తెర మీద పొగ ఉన్నంతసేపూ కింద హెచ్చరిక పడుతుంది. సినిమా మొదట్లోనూ మధ్యలోనూ 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక వెయ్యాలి. ఒక్క సీనులో పెడితే చాలేమో చూడండి. ఒక కుక్కని నటింపజేసినా జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కి ముందే అడగాలి, తరవాత అడిగితే సెన్సార్ దగ్గర ఆగిపోతావు. విడుదలకి రెండు నెలల ముందే సెన్సార్ బోర్డు వెబ్‌సైట్ ఈ-సినీప్రమాణ్‌లో దరఖాస్తు చేసెయ్యి. 2023 సవరణ తరవాత యూఏ సర్టిఫికెట్లో 7, 13, 16 ఏళ్ళని మూడు రకాలు వచ్చాయి. సర్టిఫికెట్ అయ్యాక సినిమాలో ఏం మార్చినా బోర్డుకి మళ్ళీ చెప్పాలి.

జాతీయ అవార్డుకి లెక్క విడుదల తేదీ మీద ఉండదు. జనవరి 1 నుంచి డిసెంబరు 31 మధ్య సెన్సార్ అయిన సినిమాలు ఆ ఏడాది పోటీలోకి వస్తాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. వాటిని ఉత్తరాంధ్ర యాస తెలిసినవాళ్ళతోనే రాయించు. మన మాటల్లో సగం విసురూ సగం ప్రేమా ఉంటాయి, తెలియనివాడు రాస్తే జ్యూరీకి రెండూ చేరవు. విదేశీ ఫెస్టివల్స్‌కి పంపాలనుకుంటే ముందు అవి, తరవాతే విడుదల, ఎందుకంటే పెద్ద ఫెస్టివల్స్ మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలంటాయి. ఎడిటింగ్ ఒక కొలిక్కి రాగానే గోవాలో నవంబరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌.ఎఫ్‌.డి.సి. నడిపే వేవ్స్ ఫిలిం బజార్‌కి పంపు. అక్కడ పూర్తికాని సినిమాలు చూసి సలహా చెప్పే ల్యాబ్ ఉంది. డబ్బు రాకపోయినా నీ సినిమాలో ఎక్కడ నిద్రొస్తోందో బయటివాళ్ళు చెబుతారు. స్నేహితులు చెప్పరు.

అమ్మకం దగ్గర నైజాం, సీడెడ్ అంటూ అన్నీ ఒకేసారి మాట్లాడకు. నీ సినిమా మొదట నిలబడాల్సింది మన ఉత్తరాంధ్ర ఏరియాలో. అవుట్‌రైట్‌గా, అంటే లాభనష్టాలు తనవేనని, కొనేవాడు దొరికితే మంచిదే, దొరకడం కష్టం. అడ్వాన్స్ మీద ఇస్తే వసూళ్ళు రాకపోయినప్పుడు ఆ డబ్బు తిరిగివ్వాల్సి ఉంటుంది, అది వచ్చిన డబ్బనుకుని ఖర్చు పెట్టేశావంటే మళ్ళీ ఫైనాన్షియర్ గుమ్మం ఎక్కాలి. కమిషన్ మీద విడుదల చేస్తే థియేటర్ అద్దెలు నువ్వే కట్టాలి, పది థియేటర్లు చాలు, వంద వద్దు. రోజువారీ కలెక్షన్ షీటు ఏ రోజుది ఆ రోజే తెప్పించుకో.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, శనివారం పొద్దున్నే స్టేషన్‌కి నేనొస్తాను. బడ్జెట్ షీటు, సీన్ల వారీ స్క్రిప్టు, స్నేహితులతో రాసుకున్న కాగితాలు అన్నీ తీసుకురా, ఎన్ని పిచ్చిరాతలున్నా ఫరవాలేదు. ఆ దర్శకుణ్ణి కూడా తీసుకురా. భోజనాలు అయ్యాక ముగ్గురం కూచుని పడవ సీన్లు లెక్కపెడదాం. ఆదివారం విజయనగరం వెళ్ళి ఆ రచయిత గారిని కలుద్దాం, స్టాంపు పేపర్లు నేను కొని ఉంచుతాను, ముసాయిదా తెలిసిన లాయరుకి చూపించి పెడతాను. ఇంటి కాగితాల సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు ఆ మాట ఎత్తకు.

నీ మావయ్య